వాడిపట్టికి పోయిన వానపాములు

మా అత్త పేరు బంగారు. ఆమె అబద్ధం ఆడదు. వాడుక చెప్తుంది. ఈ రెండిటికీ తేడా ఏందో తెలుసుకునేదానికి నాకు పెండ్లయినాక చాలా ఏండ్లు పట్టింది.

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం ఇంట్లో నేను కోడలుగా కాలు పెట్టిన కొత్తలో, ఆ ఇంట్లో ప్రతిదానికీ ఒక వాడుక ఉండేది. వడలు వేస్తే మొదటి వాయ ఇంటి పెద్ద కోడలే తినాలంట. ఆ ఇంటికి పెద్ద కోడలు ఎవరయ్యా అంటే ఆమే. శుక్రవారం పొద్దు గూకినాక పెద్దామె అంట్లు తోమితే లక్ష్మి అలిగి పోతుందంట. సాయంత్రం టీవీలో సీరియల్ వచ్చేటప్పుడు ఇంటికి పెద్దది లేచి తలుపు తీయకూడదంట. "మన వాళ్ళు ఆంధ్రా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న వాడుకమ్మా ఇది" అని కండ్లు మూసుకొని చెప్పేది. ఎన్నో వందల ఏండ్ల కింద బండ్లు కట్టుకొని వచ్చినోళ్ళు సీరియల్ గురించి ఎట్ల వాడుక పెట్టినారని నేను అడగలేదు. కొత్త కోడలు నోరు విప్పకూడదనేది ఇంకొక వాడుక.

తప్పంతా ఆమెదే అని కూడా అనలేను. మా జనానికి ఒక భయం ఉండాది. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం, ఫోనులో ఇంగ్లీషు. ఏ వాడుక మనది, ఏది పక్కింటోళ్ళది అని గట్టిగా ఎవరికీ తెలీదు. తెలీదని ఒప్పుకునేదానికి సిగ్గు. అందుకని ఎవరన్నా "ఇది మన పాత వాడుక" అంటే చాలు, "ఔనౌను, మా అవ్వ గూడా చెప్పేది" అనేస్తారు. మా అత్త ఈ సందు కనిపెట్టి దాంట్లోనే హాయిగా సంసారం చేసుకొచ్చింది.

ఇప్పుడు చెప్పొచ్చేది ఎర్రల గురించి. ఎర్రలంటే వానపాములే, మా ఇండ్లల్లో అట్లే అంటాం. కినత్తుకడవులో మా అత్త తమ్ముడు నవనీతకృష్ణన్‌కు కొబ్బరితోట ఉండాది. ఒకసారి ఆడికి పోయి, చెట్ల కింద ఎరువు గుంటలో ఎర్రలను చూసి మనసు పారేసుకుంది. టిఫిన్ క్యారియర్‌లో వేసుకొని బస్సెక్కింది. అడుగు గిన్నెలో ఎర్రలు, పై గిన్నెల్లో తమ్ముడి పెండ్లాం కట్టిచ్చిన పులిహోర. ఇంటికొచ్చి ఆ పులిహోర మాకు పెట్టింది, రుచిగా ఉందని నేను రెండోసారి గూడా వడ్డించుకున్నా. అడుగు గిన్నె సంగతి తిన్నాక చెప్పింది.

అప్పట్నుంచి మేడ మీద సంసారం మొదలైంది. అడుగున బొక్కలు పెట్టిన పెద్ద మట్టికుండ. దాంట్లో తడిపిన కొబ్బరి పీచు, ఎండుటాకులు, ఎర్రలు. పొద్దున కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, అరటితొక్క సన్నగా తరిగి ఒక మూలన పెట్టి పీచు కప్పేది. ఆ మూల అయిపోయినాక ఇంకొక మూల. నిమ్మతొక్క పెట్టకూడదు, మిరపకాయ తగలకూడదు, నూనె చుక్క పడకూడదు. మేం తినే సాంబారులో నూనె తేలుతుందని మొత్తుకుంటే వినని మనిషి, ఎర్రల కూటికి మాత్రం ఆస్పత్రి పత్యం పెట్టేది. కుండ మీద ఎప్పుడూ తడి గోనెపట్ట ఉండాల. పట్ట ఎత్తి వెలుతురు పడిందంటే ఎర్రలు ఒక్క క్షణం నిలవవు, గబగబా మట్టిలోకి దూరిపోతాయి. కొన్ని వారాలకు ఆ తొక్కలన్నీ కాఫీపొడి మాదిరి నల్లని ఎరువయ్యేవి. దాన్ని మల్లెచెట్టుకూ కరివేపాకు చెట్టుకూ వేసేది.

ఇదంతా బాగానే ఉండాది గానీ, నాకు మండేది వేరే. ఆమె వాటిని "నా కోడళ్ళు" అనేది. "ఈ కోడళ్ళు పెట్టింది తింటాయమ్మా, ఉప్పు చాల్లేదనవు" అని నాకు వినపడేటట్టు వాటితో చెప్పేది. నా పేరు షణ్ముగప్రియ. బడిలో లెక్కలు చెప్తాను. నలభై మంది పిలకాయలు నా చూపుకే నోరు మూస్తారు. అట్లాంటి నన్ను ఎర్రలతో పోల్చేది ఆ మహాతల్లి.

మామ పేరు పెరియసామి. పాత్రల అంగడి యజమాని, ఎంగిలి అంటే ఆమడ దూరం పోయే మనిషి. ఇంకొకరు తాగిన లోటా కడిగినాక గూడా ఒకసారి కడిగి తాగుతాడు. ఒకనాడు అత్త మిగిలిన పెరుగన్నం కుండలో వేసి, అది పులిసి, కంపు కింద పూజగది దాకా వచ్చింది. మామ మేడెక్కినాడు, చూసినాడు, దిగినాడు. "నేనుండే చోటికి అవి రాకూడదు. అవుండే చోటికి నేను రాను" అన్నాడు. అంతకంటే పెద్ద కోపం ఆయనకు చేతకాదు.

ఆయన బాధంతా వేరే చోట ఉండేది. మధురై దగ్గర వాడిపట్టిలో ఆయన ఒక్కగానొక్క చెల్లెలు పంకజవల్లి. ఆ అన్నాచెల్లెళ్ళు ఒక్క ఊపిరిగా పెరిగినోళ్ళు. ఆమె కూతురు నందితకు చెవులు కుట్టినప్పుడు మేనమామ సీరు మా ఇంటి నుంచి పోయింది. సీరంటే తెలుసు కదా, పండ్లు, పూలు, బట్టలు, పాత్రలు పళ్ళేల్లో పెట్టి, పైన ఎర్రపట్టు కప్పి, మేళంతో ఊరేగించి తీసుకుపోయేది. పళ్ళేలు ఎప్పుడూ బేసిగా ఉండాల. ఆ రోజు ఒక పళ్ళెం వ్యాన్‌లోనే మర్చిపోయినారు. పంకజవల్లి మామగారి తమ్ముడు చిన్నప్పన్ తాత, ఊళ్ళో ఏ శుభకార్యమైనా ముందు కుర్చీలో కూచుని తప్పులు పట్టే పెద్దమనిషి, నడింట్లో నిలబడి లెక్కపెట్టినాడు. "సరిసంఖ్య సీరు చావింటికి తెస్తారు" అన్నాడు. అందరి ముందర. పంకజవల్లి ఏడ్చింది. సీరంతా తిప్పి పంపించింది. మామ గూడా పౌరుషంగా తిరిగొచ్చేసినాడు.

అంతే. రాకపోకలు లేవు, ఫోను లేదు. నందిత కాలేజీకి వచ్చేసింది. మామ మాత్రం ప్రతి దీపావళికీ చెల్లెలికని ఒక చీర కొనేవాడు. ఇచ్చే దారి లేదు, బీరువాలో పెట్టేవాడు. మడత విప్పని ఆ చీరలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటా పోయినాయి. అత్త నోరుగూడా ఆ బీరువా దగ్గర మూతపడేది.

పోయిన చిత్తిరై నెలలో ఫోను మోగింది. ఎత్తింది నేనే. "నేను వాడిపట్టి నుంచి" అని ఆగిపోయింది ఆ గొంతు. నేను మామకు ఇచ్చినా. "అన్నా, కొత్తిల్లు కట్టినాం. పాలు పొంగించాల. పుట్టింటి సీరు రాకుండా నేను గడప దాటను" అని చెప్పిందంట. మామ "సరి అమ్మాయీ" అని ఒక్క మాట అన్నాడు. ఆమె ఫోను పెట్టేసినాక గూడా చెవి దగ్గరే పట్టుకొని కూచున్నాడు.

ఇంక ఇంట్లో పళ్ళేల గోల. ఇరవై ఒక్క పళ్ళెం. మామ స్వయంగా అంగడి నుంచి కొత్త ఇత్తడి పళ్ళేలు తెచ్చినాడు. ఒకదాంట్లో ఆ దీపావళి చీరలన్నీ పేర్చినాడు. ఈసారి లెక్క తప్పితే ఆయన బతకడని మాకందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, పళ్ళేలు మాత్రం పోయినోళ్ళు పోయినట్టు, వచ్చినోళ్ళు వచ్చినట్టు లెక్కపెడతా ఉండినాం.

ఇక్కడే మా అత్త బుద్ధి పనిచేసింది. మూడు రోజులు ఇల్లు తాళం వెయ్యాల. చిత్తిరై ఎండలో మేడ మీద తడి లేకుండా ఎర్రలు బతకవు. "కినత్తుకడవు దారిలోనే కదా, తమ్ముడి తోటలో దించేసి పోదాం" అని అడిగితే మామ ఒప్పుకోడు. ఎంగిలి తిన్న పురుగులు చెల్లెలి సీరున్న బండిలో ఎక్కేదా? అందుకని ఆమె ఎవర్నీ అడగలేదు. తెల్లారకముందే కుండను ఒక పెద్ద పళ్ళెంలో కూచోబెట్టి, అన్ని పళ్ళేల మీద కప్పినట్టే ఎర్రపట్టు కప్పి, అంచు గూడా చక్కగా దోపి, వ్యాన్‌లో పళ్ళేల నడుమ పెట్టేసింది. చూస్తే పెద్ద గుమ్మడికాయేదో ఉందనుకుంటారు.

బయలుదేరే ముందు నా మొగుడు హరిహరన్ చివరి లెక్క తీసుకున్నాడు. వాళ్ళ నాయన అంగడే చూసుకుంటాడు, నమ్మకస్తుడు, కానీ ఏదైనా పట్టు ఎత్తి చూడడు. ఇరవై రెండు వచ్చింది. మొగం పాలిపోయింది. "సరిసంఖ్య" అని గొణిగినాడు. మళ్ళీ లెక్కపెట్టినాడు. మళ్ళీ అంతే. మామకు తెలిస్తే గుండె ఆగుతుందని, ఎవరికీ చెప్పకుండా అరటిపండ్ల పళ్ళెం దించి పక్కింటోళ్ళకు ఇచ్చేసినాడు. ఇప్పుడు ఇరవై ఒకటి. చేతులు దులుపుకొని, చాలా గొప్ప పని చేసినట్టు ముందు సీటులో కూచున్నాడు.

బండి కదిలినాక ఈ సంగతి అత్తకు చెవిలో చెప్పినాడు. నేను పక్కనే ఉండినా. అత్త మొగంలో రంగు మారిందని చూసినా, ఎందుకో తెలీలేదు. తర్వాత తెలిసింది. కుండ దించేస్తే ఇరవై. దించకపోతే పుట్టింటి సీరులో ఎర్రలు. కక్కలేదు, మింగలేదు.

కినత్తుకడవు రాగానే "ఇరుళప్పా, కొంచం ఆపప్పా" అని డ్రైవర్‌తో అంది. కుండ దించి, తమ్ముడి తోటలో పది కొబ్బరికాయలు పళ్ళెంలో పెట్టుకుంటే లెక్క సరిపోతుందని ఆమె ఎత్తు.

"ఏంటికి ఆపేది?" అన్నాడు మామ.

"పుట్టిన ఊరు దాటేటప్పుడు ఆడబిడ్డ బండి దిగి నేల మీద కాలు పెట్టాల. మన వాడుక."

"ఆ కాలు వచ్చేటప్పుడు పెడుదువులే. రాహుకాలం రాకముందే నేను వాడిపట్టిలో ఉండాల" అన్నాడు మామ. ఇరుళప్పన్ ఆపలేదు. మా అత్త వాడుక ఒకటి చెల్లకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. పొళ్ళాచ్చి, పళని, దిండుక్కల్ అన్నీ దాటినాయి, ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అత్తకు ఆరోగ్యం బాగలేదేమో అనుకున్నా. నీళ్ళిస్తే తాగింది. ఇంకొక సీసా అడిగి తీసుకొని, వెనక్కి తిరిగి పళ్ళేలు సర్దుతున్నట్టు నటించి కుండ మీద చిలకరించింది. అది అప్పుడు నాకు తెలీదు.

వాడిపట్టిలో వీధి మొదట్లోనే నాదస్వరం వాళ్ళు నిలబడి ఉండారు. బండి తలుపు తీయకముందే పీపీ ఊదడం మొదలుపెట్టేసినారు. పంకజవల్లి చుట్టాలు పళ్ళేలు అందుకునేదానికి వరసగా వచ్చేసినారు. అత్త చేతికి దీపం ఇచ్చి ముందుకు నడిపించినారు. పోయేముందు ఆమె ఆ బరువు పళ్ళెం తీసి నా చేతుల్లో పెట్టింది. "నువ్వే మొయ్యమ్మా. వేరేవాళ్ళ చేతికి ఇవ్వద్దు. వంచొద్దు. వెనక నడువు" అంది. ఇన్నేండ్లకు నాకు ఒక గౌరవం ఇచ్చిందని, పిచ్చిదాన్ని, పొంగిపోయినా.

సగం వీధి పోయేసరికి మోచేతి మీద చల్లగా ఏదో కారింది. తర్వాత తడి మట్టి వాసన. దాని వెనకే పాత కాఫీ పిప్పి వాసన. పట్టు అంచు కొంచం పక్కకు జరిపితే, కుండ మూతి మీద ఎర్రగా ఒకటి తల ఊపింది. కొత్త పట్టుచీర కట్టుకొని, తలనిండా కనకాంబరాలు పెట్టుకొని, మేళం వెనక నేను ఎర్రల్ని ఊరేగిస్తాండా. కింద పెట్టేదానికి లేదు. పెడితే ఇరవై. ముందు నడిచే అత్త వీపును చూస్తా, నా జన్మలో నేర్చిన తిట్లన్నీ లోపల్లోపల తిట్టుకుంటా పోయినా. ఆమె ఒక్కసారి గూడా వెనక్కి తిరగలేదు.

కొత్తింటి గడప బయట పంకజవల్లి నిలబడి ఉండాది. నిజంగానే లోపల కాలు పెట్టలేదు. అన్నను చూసి నవ్వలేదు, ఏడవలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో తెలీక కొంగు పట్టుకుంది. మామ గూడా అట్లే నిలబడినాడు. ఇద్దరి నడుమా దీపం పట్టుకొని మా అత్త.

సీరంతా హాల్లో పరిచినారు. నా కుండను గోడ మూలకు, పెద్ద పళ్ళేల వెనక్కి తోసినా. అంతలో చిన్నప్పన్ తాత కర్ర తాటిస్తా వచ్చినాడు. లెక్కపెట్టినాడు. "ఇరవై ఒకటి. బేసి. సరి సరి" అని తలూపినాడు. మామ వదిలిన ఊపిరి నాకు వినపడింది. అంతటితో పోయుంటే బాగుండు.

"పోయినసారి తప్పు జరిగింది కదా. ఈసారి అన్నీ తెరిచి చూపించండి. నలుగురూ చూడాల" అన్నాడు తాత.

పంకజవల్లి ఒక్కొక్క పట్టూ ఎత్తింది. పండ్లు. పసుపు కుంకుమ. వెండి కుంకుమభరిణె. చీరల పళ్ళెం మీది పట్టు తీసినప్పుడు చేయి ఆగింది. పైది చూసింది, కిందది చూసింది, ఒక్కో దీపావళికీ ఒకటి కొని పెట్టినాడని ఆమెకు అర్థమైపోయింది. మామ వైపు చూడకుండా పక్కకు పెట్టింది. ఇంక చివరికి మూలనున్న కుండ. నేను అడ్డం నిలబడబోయినా. అత్త నా కొంగు పట్టి లాగింది.

పంకజవల్లి పట్టు ఎత్తింది.

దారి పొడవునా కుదుపులకూ ఉక్కకూ ఎర్రలన్నీ పైకెక్కి కుండ మూతి చుట్టూ గుంపు కట్టి ఉండినాయి. ఎర్రగా, తడిగా, ఒకదాని మీద ఒకటి. హాల్లో ఉన్న ఆడవాళ్ళు ఒకడుగు వెనక్కి వేసినారు. నాదస్వరం వాళ్ళు గూడా ఆపేసినారు. నేను చూసింది మామను. ఆ మనిషి మొగంలో నెత్తురు లేదు. చెల్లెలి గడపలోకి ఇన్నేండ్లకు వచ్చి, పురుగులు తెచ్చి పెట్టినానే అని ఆయన చచ్చిపోతాండాడు.

"ఏమిది?" అన్నాడు చిన్నప్పన్ తాత.

అప్పుడు మా అత్త బంగారు కండ్లు మూసుకుంది. నాకు అర్థమైంది, ఇప్పుడొకటి వస్తుందని.

"పాతింటి మన్ను తాతా" అంది. "మన వాళ్ళు ఆంధ్రా నుంచి బండ్లు కట్టుకొని వచ్చేటప్పుడు ఏం తెచ్చినారు? బంగారం తేలేదు, వెండి తేలేదు. పాతింటి మన్ను ఒక కుండలో తెచ్చి కొత్త నేలలో కలిపినారు. ఉత్త మన్ను గాదు, ప్రాణమున్న మన్ను. అందుకే ఆడబిడ్డ కొత్తిల్లు కడితే పుట్టింటి నుంచి ఎర్రలతో మన్ను పోవాల. ఇది అందరూ మర్చిపోయిన వాడుక. మీలాంటి పెద్దోళ్ళకు మాత్రం తెలిసుంటుంది."

ఆ చివరి మాట చూడండి. గుంట తవ్వి, పైన ఆకులు పరిచి, రా తాతా అని పిలిచినట్టు.

చిన్నప్పన్ తాత కర్ర మీద రెండు చేతులూ పెట్టినాడు. హాలంతా ఆయన్నే చూస్తాండాది. తెలీదంటే ఇన్నేండ్లుగా కూచున్న ముందు కుర్చీ పోతుంది. గొంతు సవరించుకున్నాడు.

"ఔను. మా అవ్వ చెప్పేది" అన్నాడు.

అంతే, పక్కనున్న ముసలామె పొన్నమ్మాళ్‌కు గూడా గుర్తొచ్చింది. "మా అమ్మ గూడా కుండ తెచ్చిందంట" అంది. ఇంకొకాయనకు వాళ్ళ ఊళ్ళో ఎర్రలు కాదు, పుట్టమన్ను తెచ్చేవాళ్ళని గుర్తొచ్చింది. మా జనం చరిత్ర ఒక నిమిషంలో పుట్టి పెరిగి పెద్దదైంది.

ఈలోగా ట్యూబ్‌లైటు వెలుతురు పడి ఎర్రలు ఒక్కొక్కటే మట్టిలోకి దిగిపోతాండాయి. అత్త అది గూడా వదలలేదు. "చూడండి, ఇంటి ఆడబిడ్డ చెయ్యి తగలంగానే లోపలికి దిగినాయి. అంటే ఈడ నిలిచిపోతాయని" అంది. ముసలామె పొన్నమ్మాళ్ రెండు చేతులూ జోడించింది. నేను నవ్వు ఆపుకునేదానికి నాలుక కొరుక్కున్నా.

కానీ పంకజవల్లి ఇంకా ఏమీ అనలేదు. కుండను చూస్తా ఉండాది. ఆమె వాళ్ళ అవ్వ ఒళ్ళో పెరిగిన మనిషి. అవ్వ చెప్పిందీ, చెప్పనిదీ ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె "లేదు" అంటే తాత గూడా తిరగబడతాడు. మా అత్త కండ్లు తెరిచింది. అంతవరకూ ధీమాగా మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఆడబిడ్డ నోటి వైపే చూస్తా ఉండాది.

పంకజవల్లి అన్నను చూసింది. చానాసేపు చూసింది. తర్వాత వంగి, ఆ తడి కుండను, కొత్త పట్టుచీరకు మట్టి అంటేటట్టు, రెండు చేతులతో ఎత్తుకుంది.

"మా అవ్వ ఇంకొకటి గూడా చెప్పేది" అంది. "సీరు తెచ్చిన అన్న నెలకొకసారి వచ్చి తన చేత్తో దీనికి మేత పెట్టాల. అన్న చెయ్యి పడకపోతే ఇవి నిలవవు. ఔనా చిన్నమామా?"

చిన్నప్పన్ తాత ఇంక వెనక్కి తిరిగే దారి లేని మనిషి. "ఔనౌను. అదే ముఖ్యం" అన్నాడు.

ముప్పై ఏండ్లుగా మా అత్తను ఎవరూ మించింది లేదు. ఆ రోజు ఆమె నోరు తెరుచుకొని నిలబడింది. పంకజవల్లి కుండను చంకనేసుకొని, అన్న ముందర నడిచి, కుడికాలు పెట్టి గడప దాటింది. మామ తన కండువా మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. మేళం మళ్ళీ మొదలైంది.

పాలు పొంగినాక, భోజనాల సందట్లో, వంటింట్లో మేం ముగ్గురమే మిగిలినాం. నేను గ్లాసులు కడుగుతాండా.

"వదినా, అట్లాంటి వాడుక లేదు" అంది పంకజవల్లి.

"లేదు" అంది అత్త.

"మరి ఏంటికి చెప్పినావు?"

"మీ అన్న మొగం చూసినా."

పంకజవల్లి పాలగిన్నె మీద మూత పెట్టింది. "నేనూ అదే చూసినా" అంది.

తర్వాత అత్త గొంతు తగ్గించి, "అమ్మాయీ, ఒక గుప్పెడు ఎర్రలు తిరిగిచ్చేయి, మేడ మీద ఒక్కటి గూడా లేదు" అంది.

"సీరుగా ఇచ్చింది తిరిగి అడక్కూడదు వదినా. మన వాడుక" అంది పంకజవల్లి, కండ్లు మూసుకొని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఆ రోజు మా అత్తకు నిండు మొగుడే దొరికినాడు. నాకు కడుపు నిండిపోయింది. పాయసం గూడా తినలేదు.

ఎర్రలు మాత్రం తిరిగొచ్చినాయి. మరుసటి నెల మామ వాడిపట్టి పోయి వచ్చేటప్పుడు, చెల్లెలు ఒక టిఫిన్ క్యారియర్ ఇచ్చి పంపింది. పై గిన్నెల్లో పులిహోర. ఈసారి అడుగు గిన్నె తెరిచి చూసినాకే నేను వడ్డించుకున్నా. మా అత్తకు మళ్ళీ కోడళ్ళు దొరికినారు, నాకు మళ్ళీ పోలికలు మొదలైనాయి. చిన్నప్పన్ తాత పుణ్యమా అని మధురై వైపు మా వాళ్ళ ఇండ్లల్లో పాలు పొంగించేటప్పుడు ఇప్పుడు కుండ లేకుండా కార్యం జరగదు. కుండ అడుగుతా మా ఇంటికే ఫోన్లొస్తాయి. మన పాత వాడుక ప్రకారం ఎన్ని ఎర్రలుండాలని ఒకాయన నన్నే అడిగినాడు. బేసిగా ఉండాలని చెప్పినా. లెక్కపెట్టుకోనీ.

మామ ప్రతి నెలా పోతాడు. ఎంగిలి అంటే ఆమడ దూరం పోయే ఆ మనిషి, ముందురోజు వంటింట్లో కూచుని అరటితొక్కలూ బీరకాయ తొక్కలూ తానే సన్నగా తరుగుతాడు. నిమ్మతొక్క కలిసిందేమోనని వెతికి తీసేస్తాడు. సంచిలో మూట కట్టుకొని, తెల్లచొక్కా వేసుకొని, పొద్దున బస్సుకు పోతాడు. అంతదూరం తొక్కలు మోసుకుపోయే ముసలాయన్ని చూసి నాకు ఒకసారి నోరు ఊరుకోలేదు.

"మామా, వాడిపట్టిలో అరటితొక్కకు కరువా? ఆ మేత ఆడనే దొరకదా?" అన్నా.

మామ సంచి భుజానికి తగిలించుకున్నాడు. నా వైపు ఒకసారి చూసి, మా అత్త మాదిరే కండ్లు మూసుకున్నాడు.

"పుట్టింటి మేతే పెట్టాలమ్మా. మన వాడుక" అని చెప్పి బస్సుకు పోయినాడు.